రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు?

ప్రశ్న: మా అమ్మకి 81 ఏళ్లు. నాన్న పోయాక హైదరాబాద్ శివార్లలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటోంది. గదిలో ఇంకొకావిడ కూడా ఉంటారు. నేను డాలస్‌లో, అక్క విజయవాడలో. అమ్మ బాగా చిక్కిపోయింది. నాలుగు నెలల కిందట 52 కిలోలు ఉండేది, ఇప్పుడు 47. రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్తూ రెండుసార్లు పడింది. ఎముకలేవీ విరగలేదు గానీ అప్పటి నుంచి రోజంతా మంచం మీదే. నడుం కింద కందిపోయి చర్మం కొంచెం లేచిందని పోయిన వారం చూసొచ్చిన అక్క చెప్పింది. మతి బాగానే ఉంది కానీ మాటలు తగ్గాయి. వీడియో కాల్‌లో ‘ఆఁ, ఊఁ’ తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ మా కొలీగ్ వాళ్ల అత్తగారు ఉండే నర్సింగ్ హోమ్‌లో గదిలోనే కెమెరా ఉంది. నేను కూడా లక్షన్నర దాకా పెట్టి కెమెరా, పడితే చెప్పే స్మార్ట్ వాచ్, పరుపు కింద పెట్టే సెన్సర్ కొందామనుకుంటున్నాను. జపాన్‌లో వాడే రోబో బొమ్మ గురించి కూడా చదివాను. కేంద్రం వాళ్లు కెమెరాకి ఒప్పుకోవడం లేదు. ఏదైనా దాస్తున్నారేమోనని టెన్షన్‌గా ఉంది. అక్కేమో ‘అమ్మకి ఇవన్నీ తగిలిస్తే బాగోదురా’ అంటోంది. ఏం చేయమంటారు?
— ఒక కొడుకు, డాలస్

సమాధానం:

ముందు నడుం కింద కందిన చర్మం సంగతి చూద్దాం. మీరు రాసినవాటిలో మిగతావన్నీ ఒక వారం ఆగుతాయి, అది ఆగదు. చిక్కిపోయిన ఒంట్లో నడుం కింది ఎముకకీ పరుపుకీ మధ్య కండ ఉండదు. గంటల తరబడి ఒకే చోట బరువు ఆనితే అక్కడికి రక్తం ఆడక చర్మం చచ్చుబడుతుంది. కందితే మొదటి దశ, పై పొర లేస్తే రెండో దశ. ఇప్పుడు పట్టించుకుంటే వారాల్లో మానే అవకాశం ఎక్కువ. వదిలేస్తే కండ దాటి ఎముక దాకా పోతుంది, అప్పుడిక నెలల లెక్క. మన ఒంటి రంగుల మీద ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి చేత్తో తాకి చూడమనండి. చుట్టుపక్కల చర్మం కంటే వేడిగా ఉన్నా, గట్టిగా ఉన్నా అనుమానించాల్సిందే. మడమలు కూడా చూడాలి, వాటిని అందరూ మర్చిపోతారు.

మీ లక్షన్నరలో మొదటి ఖర్చు ఎయిర్ బెడ్. పంపుతో నడిచే ఈ పరుపులో కొన్ని అరలు గాలి నింపుకుంటుంటే పక్కవి వదులుతుంటాయి. కొన్ని నిమిషాలకోసారి ఇది తారుమారవుతూ ఉంటుంది కాబట్టి ఒకే చోట బరువు నిలవదు. సర్జికల్ షాపుల్లో నాలుగైదు వేలకే మామూలు రకం దొరుకుతుంది. ఇది మీ సెన్సర్ల కంటే పాత టెక్నాలజీ, చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. మీ అమ్మగారికి ఇప్పుడు దీనంత అవసరమైన యంత్రం మాత్రం ఇంకోటి లేదు.

అయితే కొని పడేస్తే సరిపోదు. ఎయిర్ బెడ్ ఉండి కూడా పుండ్లు పడినవాళ్ల దగ్గర ఎప్పుడూ కనపడేవి అవే రెండు మూడు కారణాలు. ఎవరో ఫోన్ చార్జింగ్ కోసం పంపు ప్లగ్ పీకేస్తారు. కరెంటు పోతే గాలి దిగిపోతుంది, ఆ ప్లగ్ ఇన్వర్టర్ లైన్ మీద ఉండదు. లేదా పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, ఆ పైన మడత పెట్టిన ఇంకో దుప్పటి వేస్తారు. అన్ని పొరల మీద పడుకుంటే కింద పంపు ఎంత తిప్పలు పడినా ఒంటికి చేరదు. పలచని దుప్పటి ఒక్కటి చాలు. అక్క ఈసారి వెళ్లినప్పుడు, అమ్మ పడుకుని ఉండగానే, నడుం ఉన్న చోట ఎయిర్ బెడ్ కింద చేయి దూర్చి చూడమనండి. చేతికీ ఒంటికీ మధ్య అంగుళం మందాన గాలి ఉండాలి. చేతికి ఎముక తగిలితే ప్రెషర్ చాలలేదన్నమాట.

పరుపు వచ్చింది కదా అని పక్కలకు తిప్పడం మానకూడదు. అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. మంచి ఫోమ్ పరుపుల మీద పడుకున్నవాళ్లను 2, 3, 4 గంటలకోసారి తిప్పి చూస్తే, కొత్త పుండ్లు పడటంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కేంద్రం వాళ్లు ఇది చదివి ఉంటే నాలుగు గంటలు చాలంటారు. కానీ ఆ అధ్యయనంలో చేరేనాటికి వాళ్లెవరికీ పుండు లేదు, మీ అమ్మగారికి మొదలైంది. కాబట్టి పాత రెండు గంటల లెక్కే పట్టుకోండి. పూర్తిగా పక్కకు తిప్పేస్తే తుంటి మీద బరువు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు ఇస్తే చాలు. గాలి రింగు మీద కూర్చోబెట్టడం, కందిన చోట స్పిరిట్, పౌడర్ పెట్టి రుద్దడం రెండూ వద్దు.

ఇక మీ జాబితా. ఏ పరికరం గురించైనా నేను అడిగేది ఒకటే. అది రాత్రి రెండింటికి మోగితే లేచి వచ్చేది ఎవరు?

వాచ్‌నే తీసుకోండి. 2018లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 4 నుంచి ఈ సౌకర్యం ఉంది. పెట్టుకున్న మనిషి గట్టిగా పడి, నిమిషం పాటు కదలకపోతే అదే ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేస్తుంది, మీరు పెట్టిన నంబర్లకి మెసేజ్ పంపుతుంది. బయట ఒంటరిగా నడిచేవాళ్లకి అది మంచిదే. చిక్కిపోయిన పెద్దవాళ్లు మాత్రం ప్రతిసారీ దబ్బున పడరు, మంచం అంచు నుంచో, గోడకు ఆనుకునో మెల్లగా జారిపోవచ్చు. దాన్ని వాచ్ పట్టుకుంటుందన్న భరోసా లేదు. రోజూ చార్జింగ్ పెట్టాలి, పెట్టేది నైట్ డ్యూటీ ఆయా. అన్నీ సరిగ్గా జరిగాయనే అనుకుందాం. అక్కడ రాత్రి రెండింటికి అమ్మ పడితే వేసవిలో డాలస్‌లో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. మీరు మీటింగ్‌లో ఉంటారు. మెసేజ్ చూసి కేంద్రానికి ఫోన్ చేస్తారు, అది మోగుతూ ఉంటుంది.

పరుపు కింద సెన్సర్ది ఇంకో కథ. మనిషి మంచం దిగబోతే అలారం కొట్టే పరికరాల మీద అమెరికాలో మెంఫిస్‌లోని ఒక ఆసుపత్రిలో, 16 వార్డుల్లో, 27 వేల మందికి పైగా రోగులతో పెద్ద పరీక్ష చేశారు. ఫలితాలు 2012లో వచ్చాయి. అలారాల వాడకం బాగా పెరిగింది, పడటం మాత్రం తగ్గలేదు. నర్సులు పుష్కలంగా ఉన్న ఆసుపత్రి సంగతే అది. పక్క తిరిగినా మోగుతుంది, నిజంగా దిగినా మోగుతుంది. నాలుగు రాత్రులు గడిచేసరికి ఆ చప్పుడు ఎవరికీ వినపడదు, లేదా ఎవరో ఒకరు ఆపేస్తారు. అంతకంటే చెడ్డది, అలారం మోగుతుందన్న భయంతో పెద్దావిడ కదలడమే మానేస్తారు. పడటం ఆగుతుంది గానీ కాళ్లలో ఉన్న కాస్త బలం కూడా పోతుంది, నడుం కింద పుండు పెరుగుతుంది.

కాబట్టి కేంద్రం మేనేజర్‌ని మీరు అడగాల్సింది ఇది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ అమ్మ ఉండే అంతస్తులో ఎంతమంది ఉంటారు? వాళ్లు పడుకునేది ఎక్కడ? అమ్మ మంచం దగ్గర బెల్లు కొడితే అది ఎక్కడ మోగుతుంది? మూడో ప్రశ్నకి తడుముకుంటే, మీ డబ్బుతో ముందు ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొనండి. మెడలో వేసుకునే బటన్ ఒకటి, ఆయా దగ్గర ఉండే రిసీవర్ ఒకటి, అంతే. రాత్రి మనిషి చాలకపోతే, పుండు మానేదాకా ఒక నైట్ అటెండెంట్‌ని విడిగా పెట్టుకోవడానికి ఒప్పుకుంటారేమో అడగండి. సెన్సర్‌కి పెట్టే డబ్బు అటు పోతే నాకు సంతోషం.

అసలు రెండుసార్లూ ఎందుకు పడ్డారన్నది మీ ఉత్తరంలో లేదు. రాత్రి, బాత్రూమ్ దారి, ఈ రెండే రాశారు. అంతలోనే చాలా ఉంది. మంచం కింద, బాత్రూమ్ గుమ్మం దగ్గర మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైట్లు పెట్టించండి, కొన్ని వందల్లో వస్తాయి, ఎవరూ స్విచ్ వెతుక్కోనక్కర్లేదు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఉంచవచ్చు. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆయానే వచ్చి తీసుకెళ్తే ఆవిడ ఒంటరిగా లేచే అవసరమే సగం తగ్గుతుంది. ఒక డిజిటల్ బీపీ మిషన్ కొని, పడుకున్నప్పుడు, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూసి రాయమనండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆవిడ లేవగానే కళ్లు తిరిగి పడుతున్నట్టే. అప్పుడు బీపీ మాత్రలు డాక్టర్ మళ్లీ చూడాలి. నిద్రకని అల్ప్రాజొలామ్ లాంటిది ఏమైనా ఇస్తున్నారా? పెద్దవాళ్లు పడటానికి ఆ మాత్రలు బాగా దోహదం చేస్తాయి. అలాగని మీరు ఫోన్‌లో చెప్పి ఒక్కసారిగా ఆపించకండి. డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి.

కెమెరా గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, మీ మనసంతా దాని మీదే ఉంది కాబట్టి.

మీరుండే టెక్సాస్‌లోనే నర్సింగ్ హోమ్ గదుల్లో కెమెరాకి 2001లోనే చట్టం వచ్చింది. మీ కొలీగ్ అత్తగారి గదిలో కెమెరా ఉందంటే దాని పుణ్యమే. ఆ చట్టం ఏమంటుందో కూడా చూడండి. అడిగే శక్తి ఉన్న మనిషి అయితే కెమెరా కావాలని అడగాల్సింది ఆ మనిషే. పిల్లలు ఆవిడ బదులు అడగడానికి లేదు. గదిలో ఇంకెవరైనా ఉంటే వాళ్ల అంగీకారం రాతపూర్వకంగా కావాలి. మీ అమ్మగారికి మతి బాగానే ఉందని మీరే రాశారు. డాలస్‌లో ఉన్నా ఈ విషయం తేల్చాల్సింది ఆవిడే. హైదరాబాద్‌లో ఉన్నంత మాత్రాన ఆ హక్కు కొడుక్కి బదిలీ కాదు.

ఆ గదిలో ఏం జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. డైపర్ మార్చడం, స్నానం, పుండుకి డ్రెస్సింగ్. పక్క మంచం ఆవిడకి కూడా అవే. అవన్నీ డాలస్‌లో కొడుకు ఫోన్‌లో కనపడతాయంటే, జీవితమంతా పైట సర్దుకుని బతికిన మనిషికి ఎలా ఉంటుంది? ‘బాగోదురా’ అన్న మీ అక్క మాటలో ఇదంతా ఉంది. కేంద్రం వాళ్లు వద్దనడానికి కారణం దాచడమే కావచ్చు, పక్కావిడ కుటుంబం గొడవ చేస్తుందన్న భయమూ కావచ్చు. వరండాలో, భోజనాల గదిలో కెమెరాలు ఉన్నాయా, రికార్డు ఎన్నాళ్లు ఉంచుతారు, అమ్మ పడిన రాత్రి గదిలోకి ఎవరు ఎప్పుడు వెళ్లారో వరండా రికార్డులో చూపిస్తారా అని అడగండి. అది న్యాయమైన కోరిక. తడబడకుండా చూపిస్తే మీ అనుమానం సగం తీరుతుంది. ఇక అమ్మనే అడిగి, ఆవిడ, పక్కావిడ ఇద్దరూ సరేనంటే, మంచం వైపు కాకుండా తలుపు వైపు తిప్పిన కెమెరా గురించి ఆలోచించవచ్చు. ఎవరికీ చెప్పకుండా గడియారంలోనో బొమ్మలోనో దాచి పెట్టడం మాత్రం వద్దు. బయటపడిన రోజున ఆ ఆయా మీ అమ్మగారి ఒంటి మీద చేయి వేయడానికే జంకుతుంది.

జపాన్ రోబో అంటే మీరు పారో గురించి చదివి ఉంటారు. సీల్ పిల్లలా ఉంటుంది, నిమిరితే కదులుతుంది, కూస్తుంది. మతిమరుపు ముదిరినవాళ్లలో కొందరికి దానితో ఊరట దొరుకుతుంది. ఖరీదు లక్షల్లో. మతి బాగున్న మీ అమ్మగారికి ఇచ్చి చూడండి, ఏమంటారో!

ఆవిడ మాటలు ఎందుకు తగ్గాయో వెతకడం మేలు. ముందు చెవులు చూపించండి. గులిమి గట్టిపడినా వీడియో కాల్‌లో ‘ఆఁ, ఊఁ’లే వస్తాయి, తీయిస్తే పోతుంది. నిజంగా వినికిడి తగ్గి ఉంటే హియరింగ్ ఎయిడ్‌కి డబ్బు పెట్టండి, బ్యాటరీ ఎవరు మారుస్తారో ముందే తేల్చుకోండి. కాల్ చేసేటప్పుడు ఫోన్‌కి బదులు పెద్ద తెర ఉన్న ట్యాబ్‌ని స్టాండ్‌లో పెట్టి, ఆవిడ కళ్ల ఎత్తులో ఉంచమనండి. (ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల పాఠకులకి ఒక మాట. వినికిడి పరికరాలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, కట్టుడు పళ్లు పెద్దవాళ్లకి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. కలెక్టరేట్‌లో వయోవృద్ధుల సంక్షేమం చూసే విభాగాన్ని అడగండి.)

బరువు విషయం నాకు పుండు తర్వాత అంత కంగారు పెట్టింది. ఆరు నెలల్లో పదో వంతు తగ్గితేనే తీవ్రంగా తీసుకుంటారు, మీ అమ్మగారు నాలుగు నెలల్లోనే దాదాపు అక్కడికి వచ్చారు. పుండు మానాలన్నా ప్రోటీన్ కావాలి. ఇలాంటివారికి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు అంటారు, అంటే ఆవిడకి 55 నుంచి 70 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చారన్నంతో ఆ లెక్క తేలదు. కిడ్నీ సమస్య లేదని డాక్టర్ చెప్పాక గుడ్లు, పెరుగు, ముద్దపప్పు, అవసరమైతే ప్రోటీన్ పొడి పెంచండి. పళ్ల సెట్టు వదులైందేమో, నమలలేక వదిలేస్తున్నారేమో చూడమనండి. వారానికోసారి ఒకే రోజు, ఒకే తూకం మీద బరువు చూసి మీకు పంపాలి. నిలబడలేకపోతే కుర్చీ తూకం కావాలి. కేంద్రానికి లేకపోతే మీరే కొనివ్వండి, అక్కడున్న అందరికీ పనికొస్తుంది, మీ మాటకి విలువా పెరుగుతుంది.

అసలైన టెక్నాలజీ మీ అందరి చేతుల్లో ఇప్పటికే ఉన్న ఫోను. ఇంత బలహీనంగా ఉన్నవాళ్లకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినా ముందు జ్వరం రాకపోవచ్చు. మగతగా ఉంటారు, అన్నం వదిలేస్తారు, ఎప్పుడూ లేనిది తికమక పడతారు. రోజూ ఒళ్లు తుడిచే ఆయాకి ఇది డాక్టర్ కంటే ముందు తెలుస్తుంది. తెలిసినా చెప్పడానికి ఆమెకి దారి ఉండదు. అమెరికా నర్సింగ్ హోముల్లో ఇందుకోసం ‘స్టాప్ అండ్ వాచ్’ అని ఒక చిన్న కార్డు వాడతారు. ఎప్పటిలా లేరా, తక్కువ మాట్లాడుతున్నారా, తక్కువ తిన్నారా, తాగారా, నొప్పి ఉందా, మూడు రోజులుగా విరేచనం కాలేదా, చర్మం మారిందా, నడకకి ఎక్కువ సాయం అడుగుతున్నారా, ఇలాంటి ప్రశ్నలే. ఆయా అందులో గుర్తు పెట్టి నర్సుకి ఇస్తుంది. మన దగ్గర ఆయాలు కొందరికి రాయడం రాదు, కొందరికి తెలుగే రాదు. వాళ్లు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టగలరు, ఏ భాషలోనైనా. కేంద్రం నర్సు, డ్యూటీ ఆయాలు, అక్క, మీరు ఒక గ్రూపులో ఉండండి. తిప్పిన టైము, తిన్నది, ఈ ప్రశ్నలకి జవాబు, రోజుకి రెండుసార్లు వస్తే చాలు. బంధువులని అందులో చేర్చకండి. పుండు ఫోటో అమ్మని అడిగి, వారానికోసారి, పక్కన స్కేలు పెట్టి తీసి నర్సు నేరుగా డాక్టర్‌కే పంపాలి.

ఆ గ్రూపులో మీరు రాసే మొదటి మెసేజ్ ‘ఎందుకు తిప్పలేదు?’ అని ఉంటే రెండో రోజు నుంచి అన్నీ అబద్ధాలే వస్తాయి. తిప్పకపోయినా తిప్పినట్టు రాస్తారు. చెప్పినందుకు థాంక్స్ చెప్పండి, పండక్కి వాళ్లకేమైనా పంపండి.

డాక్టర్ కూడా ఒకరే ఉండాలి. వచ్చినప్పుడల్లా కొత్త డాక్టర్ అయితే మాత్రల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం వీడియోలో చూసి మందులు రాయవచ్చు, చూసుకునే మనిషి పక్కనుండి మాట్లాడవచ్చు. నెలకోసారి నర్సు ఫోన్ పట్టుకుని, అక్క విజయవాడ నుంచి, మీరు డాలస్ నుంచి కలిసే ఒక కాల్ పెట్టుకోండి. డాక్టర్ దొరకని రోజు, వీడియోలో డాక్టర్‌తో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఇ-సంజీవని ఉచితంగా ఉంది.

ఇంత చేశాక కూడా కేంద్రం వాళ్లు తిప్పడం లేదని, పుండు దాస్తున్నారని తేలితే 14567కి ఫోన్ చేయించండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేసే పెద్దల హెల్ప్‌లైన్ అది, 2017లో మొదలైంది హైదరాబాద్‌లోనే. వేరే చోటు వెతకడం కూడా అప్పుడే మొదలుపెట్టండి.

ఈ వారంలో ఎయిర్ బెడ్, రేపే డాక్టర్‌తో ఒక కాల్. పుండు నల్లబడినా, చీము పట్టినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, ఆవిడ ఉన్నట్టుండి మగతలోకి వెళ్లినా వీడియో కాల్స్‌తో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని కేంద్రానికి ఇప్పుడే రాసి ఇవ్వండి. ఏ ఆసుపత్రికి, అడ్వాన్సు ఎవరు కడతారు, అక్క చేరుకునేలోపు సంతకం ఎవరు పెడతారు, ఆ ఫోన్ నంబర్ ఏమిటి అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి.